పసుపు దీపం ఎక్కడ వెలగాలి

బేకరీ మీది మేడగది

పిట్టా, నీ బావిలో నిప్పు పడిందటగా!

కవరు చింపే తొందరలో సగం ఉత్తరం కూడా చిరిగింది. అతికించుకుని చదివాను. అంత లోతున రాయి పెనంలా కాలుతోందని రాశావు చూడు, అక్కడ ఆగిపోయి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివాను. నా జన్మంతా పొయ్యి ముందే గడిచింది. కట్టెలు మోశాను, బొగ్గు మోశాను, చివరికి గ్యాసు బండలు మోశాను. నా కూతురు మాత్రం భూమిలోకి గొట్టం దించి వేడిని తోడుకుంటుందట. దేవుడి పొయ్యికే కన్నం పెట్టావు కదే తల్లీ.

నాకు అర్థమైనంత వరకూ మీ అమ్మకి చెప్పాను. ఒక గొట్టంలోంచి చల్లనీళ్ళు గట్టిగా తోస్తారు, అవి రాతిలో పగుళ్ళు విప్పుకుంటూ పోయి కాగుతాయి, ఇంకో గొట్టంలోంచి పైకొస్తాయి, ఆ వేడి ఇంటింటికీ వెళ్తుంది అని. అంతా విని, పగుళ్ళు విప్పితే ఊరు కదలదా అంది. అందుకేగా మన పిల్లని పెట్టారు అన్నాను. మూడు దీపాలున్నాయి, ఆకుపచ్చ వెలిగితే పని సాగుతుంది, పసుపు వెలిగితే నీళ్ళు తగ్గిస్తారు, ఎరుపు వెలిగితే పంపు కట్టేస్తారు, ఆ దీపాల పెత్తనం ఇప్పుడు మన పిట్టదే అని చెప్పాను. కింద మీ అన్నయ్య దగ్గర రొట్టెల కోసం నిలబడ్డవాళ్ళకి కూడా చెప్పి వచ్చాను. నా కూతురి చేతిలో ఒక మీట ఉంది, నొక్కితే భూకంపం ఆగిపోతుంది అన్నాను. ఒకాయన ఆ మాట వింటూ వింటూ, డబ్బులిచ్చిన రొట్టె బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఫోను మాత్రం చెయ్యకు. ఆ డబ్బాలో నీ మాట నా చెవికి సగమే అందుతుంది, మిగతా సగం మీ అమ్మ తనకి నచ్చినట్టు చెబుతుంది. ఉత్తరమే రాయి.

తెల్లవారుతుంటే కలొచ్చింది. మీ ఊరంతా తడిగుడ్డ కప్పిన పిండిముద్దలా పొంగుతోంది. ఇళ్ళూ చెట్లూ మనుషులూ మెల్లగా పైకి లేస్తున్నారు, ఎవరూ కంగారుపడటం లేదు. నువ్వు ఓ అంచున కూర్చుని, పిండికి చెవి ఆనించి వింటున్నావు. నేను పిలిస్తే, ఉష్ అన్నావు.

నన్నెప్పుడు రమ్మంటావు? బావి చూడాలి. చూసి ఓ మూల కూర్చుంటాను, నీ పనికి అడ్డం రాను.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
నాన్న


గొడుగుల కొట్టు వెనకగది

నాన్నా,

నీకొచ్చిన కలని నేను రోజూ మెలకువలో కంటున్నాను.

బావి పక్కన రేకుల గది ఒకటుంది. గోడనిండా తెరలు, తెరలనిండా గీతలు. ఊళ్ళో ఇళ్ళ కింద, చుట్టుపక్కల పొలాల్లో పాతిపెట్టిన పరికరాలు నేల చప్పుడుని గీతలుగా పంపుతుంటాయి. లారీ వెళితే ఒకరకం గీత, రైలు వెళితే ఒకరకం. గాలికి చెట్లు ఊగితే వేళ్ళు నేలని లాగుతాయి, అది సన్నటి వణుకు. వీటన్నిటి కింద, ఎప్పుడో ఒకసారి, దూరంగా ఎవరో చిటిక వేసినట్టు ఓ చిన్న గీత. మనం పంపిన నీళ్ళు తగిలి రాయి నిద్రలో ఒత్తిగిలిందన్నమాట.  మళ్ళీ అంతా సద్దుమణిగాక, మంచులో తడిసిన కిటికీ వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంటాను.

ఒకటి మాత్రం దిద్దాలి. మీట నొక్కితే ఆగేది పంపు, భూమి కాదు. తోసిన నీళ్ళు పంపు ఆగాక కూడా లోపల దారి వెతుక్కుంటూనే ఉంటాయి. పెద్ద కదలిక ఒక్కోసారి అన్నీ కట్టేశాకే వస్తుంది. ఆ రొట్టె వదిలేసినాయనకి ఈ సంగతి చెప్పు. రొట్టె కూడా ఇవ్వు.

నేనుండే ఇల్లు ఒక పెద్దావిడది. ముందు గదిలో గొడుగులు బాగుచేస్తుంది. ఊరంతా గొడుగులమ్మ అంటారు, నేనూ అదే అంటాను. బాగైన గొడుగులన్నీ విప్పి పైకప్పు నుంచి తలకిందులుగా వేలాడదీస్తుంది. కింద నడుస్తుంటే గబ్బిలాల గుహలోనో, నల్లటి పూలతోటలోనో ఉన్నట్టుంటుంది. ఇక్కడి ఇళ్ళన్నీ పాత ఇటుక కట్టడాలు. గోడని వేలితో గీస్తే సున్నం పొడిలా రాలుతుంది.

మొన్న తెర మీద కాస్త పెద్ద చిటిక పడింది. ఇంటికి రాగానే, గొడుగులు కదిలాయా అని అడిగాను. లేదే అంది. ఎందుకడిగానో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడే రాకు నాన్నా. చలి మరీ ఎక్కువగా ఉంది. తగ్గాక చూద్దాం.

పిట్ట


బేకరీ మీది మేడగది

పిట్టా, కోటు కొన్నాను.

చలి అన్నావుగా, అందుకని. గోధుమరంగు, మోకాళ్ళ దాకా వస్తుంది. వేసుకుని అద్దం ముందు నిలబడితే, బాగా కాలిన రొట్టెలా ఉన్నావు అంది మీ అమ్మ. ఇక చలికి నేను భయపడను, చలే నన్ను చూసి భయపడాలి. కాబట్టి ఆ అడ్డు తీరిపోయింది. ఎప్పుడు రమ్మంటావు?

నీ ఉత్తరం మీ అమ్మ మూడో చూపులోనే పట్టేసింది. కన్నతండ్రిని చలి పేరు చెప్పి ఆపుతోందంటే అక్కడ ఎవరో ఉన్నారు, ఇద్దరూ కలిసి బతుకుతున్నారు, మన ముందు పెట్టడానికి మొహమాటపడుతోంది అంది. నేను మొదట కొట్టిపారేశాను. పిండి కలిపేటప్పుడు చేతులతో పాటు మెదడు కూడా ఊరికే ఉండదు కదా, కలుపుతూ ఆలోచించాను. నిజమే అనిపించింది. అనిపించగానే ఎంత ఆనందం వేసిందంటే ఆ పూట పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాను, మీ అన్నయ్య ఇంకా తిడుతున్నాడు.

తల్లీ, ఎవరైనా సరే. గొట్టాలు దించేవాడైనా, గొడుగులు కుట్టేవాడైనా, ఆ గొడుగులమ్మ మనవడైనా మాకు అభ్యంతరం లేదు. పొడుగ్గా ఉంటాడా? ఆ గొడుగుల కింద తల తగలకుండా నడవగలడా? కోపిష్టి మాత్రం కాకపోతే చాలు. మనింట్లో ఆ ఖాతా మీ అమ్మ ఒక్కతే చూసుకుంటోంది.

నేను వచ్చి ఏమీ అడగను. చూసి నవ్వి ఊరుకుంటాను.

కోటు వేసుకునే రాస్తున్న
నాన్న


గొడుగుల కొట్టు వెనకగది

నాన్నా,

పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. నీ సంతోషం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నిన్ను రావద్దన్నది చలి వల్ల కాదు.

పోయిన వారం నేల కదిలింది. మా లెక్కలో పసుపు దీపం వెలగాలంటే కదలిక భూకంపం కొలత మీద రెండు దాటాలి. ఇది రెండుకి ఒక వెంట్రుకవాసి కింద ఆగింది. కాబట్టి కాగితం మీద ఆ రోజంతా ఆకుపచ్చే. ఊళ్ళో మాత్రం అల్మారాల్లో గ్లాసులు మోగాయి. గొడుగులు ఊగాయి. నేను ఇంటికొచ్చేసరికి గొడుగులమ్మ కుర్చీలో కూర్చుని పైకి చూస్తోంది, అవి అప్పటికే ఆగిపోయినా.

స్కూలు హాల్లో ఊరి మీటింగు పెట్టారు. మా పెద్దాయన, అదే మా ప్రాజెక్టు అధికారి, పటాలు చూపించి చక్కగా చెప్పాడు. అన్నీ నిజాలే చెప్పాడు. జనం గట్టిగా అరిచారు, తర్వాత అలిసిపోయారు. అప్పుడు గొడుగులమ్మ లేచింది. ఆయన్ని కాదు, నన్ను అడిగింది.

"అమ్మాయ్, లెక్కలు నాకొద్దు. మీ నాన్న ఉన్నాడుగా, ఉత్తరాలు రాస్తుంటాడు. ఆయన్ని తీసుకొచ్చి నా పై గదిలో పడుకోబెడతావా?"

 నా బదులు పెద్దాయనే ఏదో సర్దిచెప్పాడు. ఇంటికొచ్చాక ఆవిడ ఎప్పటిలాగే టీ ఇచ్చింది, ఆ ఊసెత్తలేదు. ఎత్తినా బాగుండేది.

ఆ పసుపు దీపం రెండు దగ్గర కాదు, ఒకటి దగ్గరే వెలగాలని నాకు మొదటినుంచీ ఉంది. ఈ గోడలకి రెండు ఎక్కువ. పైగా ఆపేశాక వచ్చే కదలికకి కూడా చోటు మిగల్చాలి కదా. పెద్దాయనతో విడిగా అన్నాను కూడా. ఆయన చెడ్డవాడు కాడు నాన్నా. అంత కింద పెడితే పూటకోసారి పసుపు వెలుగుతుంది, చలికాలం వెళ్ళిపోయినా వేడి రాదు, పెట్టుబడి పెట్టినవాళ్ళు బావి మూసేసి పోతారు, అప్పుడు ఈ ఊరికి నువ్వేం ఇచ్చినట్టు అన్నాడు.  మళ్ళీ మీటింగు ఉంది. అనుమతులిచ్చే ఆఫీసు మనిషి వస్తాడు, హద్దు ఆ రోజు ఖాయం చేస్తారు. పెద్దాయన మాట కాదని నేను లేస్తే ఈ పని నాది కాకుండా పోవచ్చు. లేవకపోతే బావి నాదే, ఊరు ఏమవుతుందో తెలియదు.

ఈ బావి అంటే నాకెంత ఇష్టమో నీకే తెలుసు. లోపల ఆ వేడి నిజంగా ఉంది. అరచేయి పెట్టినట్టు తెలుస్తుంటుంది.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించకు.

పిట్ట


బేకరీ మీది మేడగది

పిట్టా, బయల్దేరుతున్నాను.

ఇంత చిన్నదానికా ఏడవడం? ఆవిడ అడిగిందేమిటి, మీ నాన్నని పడుకోబెడతావా అని. పడుకోవడం నాకు చేతకాదా? ఆ మీటింగు రోజుకి నేనక్కడుంటాను. కోటు వేసుకుని ముందు వరసలో కూర్చుంటాను. ఎవరైనా అడిగితే నన్ను చూపించు. ఇదిగో మా నాన్న, ఈయనే నా పూచీ, ఇవాళ్టినుంచి పై గదిలోనే ఉంటాడు అని చెప్పు. నేను లేచి దణ్ణం పెట్టి కూర్చుంటాను. ఇక పటాలెందుకు, పటాలు? నా అంత పటం ఎవరి దగ్గరుంది? ఊరు ఊరంతా చల్లబడుతుంది, నీ పెద్దాయన సంతోషిస్తాడు, నీ బావి నీకుంటుంది.

ఇక ఆ అంకె సంగతి. నువ్వు ఒకటంటున్నావు, ఆయన రెండంటున్నాడు. దానికింత రాద్ధాంతమా? ఒకటిన్నర దగ్గర తెగ్గొట్టుకోండి. నేను పిండి వ్యాపారితో ఎన్నేళ్ళు బేరం చేయలేదు, ఎప్పుడూ మధ్యలోనే తెగేది, ఇద్దరం నవ్వుతూనే లేచేవాళ్ళం.

మీ అమ్మకి చదివి వినిపించలేదు. నా మొహం చదివేసింది. ఏమీ అనకుండా సంచీ తీసి నా బట్టలు సర్దుతోంది. ఆవిడ ఏమీ అనకపోవడం నేను ఇదే మొదటిసారి చూడటం.

నీ పూచీ
నాన్న


గొడుగుల కొట్టు వెనకగది

నాన్నా,

రావద్దు. టికెట్టు కొనుంటే వెనక్కిచ్చెయ్. ఆ అంకె రెండు దగ్గర ఉన్నంతకాలం నిన్ను ఆ పై గదిలో పడుకోనివ్వను.

పై మాట రాసి కలం పక్కన పెట్టేశాను. రాసింది మళ్ళీ చదువుకున్నాను. గొడుగులమ్మ అడిగినదానికి జవాబు నా దస్తూరీలోనే ఉంది. నిన్ను ఆపడానికి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మరి పై గదిలో కాకపోయినా కింది గదిలో రోజూ ఆవిడ పడుకుంటోంది కదా.

ఉత్తరం అందేలోపు నువ్వు రైలెక్కకుండా అన్నయ్యకి ఫోను చేసి నిన్ను ఆపించాను, మిగతాది మీటింగు అయ్యి వారం దాటాక రాస్తున్నాను.

హాల్లో పెద్దాయన మాట్లాడటం పూర్తికాగానే లేచాను. 

"పోయినసారి అడిగారు, జవాబు చెప్పలేదు. పడుకోబెట్టను. ఈ హద్దుతో మా నాన్నని ఈ ఊళ్ళో పడుకోబెట్టను. పసుపు దీపం ఒకటి దగ్గర పెట్టండి, అప్పుడు నేనే పిలిపిస్తాను."

ఎవరూ అరవలేదు.  ఆఫీసు మనిషి ఏవేవో అడిగాడు, చెప్పాను. ప్రస్తుతానికి ఒకటే అని ఖాయం చేసి వెళ్ళాడు. పెద్దాయన బయటికొచ్చాక ఒక్కటే మాటన్నాడు, నాకు ముందు చెప్పి ఉండాల్సింది అని. చెప్పానండీ అన్నాను. ఆయన కాదనలేదు.

తర్వాత వారంలోనే పసుపు వెలిగింది. నీళ్ళు తగ్గించాను. మళ్ళీ వెలిగింది. ఇక ఎరుపు దాకా చూడలేదు, పంపు కట్టేసి తోసిన నీళ్ళని మెల్లగా వెనక్కి రానిచ్చాను. బావి నోట్లోంచి ఆవిరి లేచి, మంచులో కలిసి, ఊరి మీదుగా వెళ్ళిపోయింది. తోడుకున్న వేడి అంతా అలా పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఎరుపు వెలగకుండానే ఎందుకు ఆపావని హెడ్డాఫీసు నుంచి పిలుపొచ్చింది. రేపు వెళుతున్నాను. దీపాలు నా చేతిలో ఉంచుతారో లేదో అక్కడే తేలుతుంది.

ఒకటిన్నర కాదు నాన్నా. అంకె ఒకటి పెరిగితే బలం ముప్పై రెట్లు పెరుగుతుంది. ఒక కట్టె వేయాల్సిన పొయ్యిలో ముప్పై కట్టెలు వేసినట్టు. దీనికి మధ్యలో తెగడం ఉండదు.

ఇప్పుడు రా.

కదలదని చెప్పను. కట్టేశాక కూడా కదలొచ్చని నీకు ముందే రాశాను. కదిలినా ఆ గది తట్టుకునేంతలోనే ఉంటుందని నా లెక్క. మంచాన్ని పొగగొట్టం వైపు గోడకి దూరంగా జరిపించాను, కదిలితే ముందు రాలేది ఆ ఇటుకలే. నేను లేకపోయినా గొడుగులమ్మ ఉంటుంది. రా నాన్నా.

పిట్ట


గొడుగుల కొట్టు పై గది

పిట్టా, నీ భూకంపం వచ్చి వెళ్ళింది, నా టీ కూడా ఒలకలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నేను కింద కొట్లో గొడుగు ఊచ పట్టుకుని కూర్చున్నాను, గొడుగులమ్మ దానికి గుడ్డ కుడుతోంది. పట్టుకోవడం కూడా సరిగ్గా రాదా, రొట్టెలెలా చేశారు ఇన్నాళ్ళు అని దెప్పుతోంది. అప్పుడు, నేల కింద ఎవరో పిండిబస్తా దించినట్టు ధబ్ మని ఒక చప్పుడు. తర్వాత గొడుగులు.

తల్లీ, దాన్ని ఎలా రాయను? ముందు కిటికీ పక్కది కదిలింది. దాన్ని చూసి పక్కది. అలా ఒకటి తర్వాత ఒకటి, గది ఈ చివర్నించి ఆ చివరికి, నిద్రపోతున్నవాళ్ళ గుండెలు లేచి పడ్డట్టు. చప్పుడు లేదు. నీడలు మా మీద, గోడ మీద, టీ మీద మెల్లగా ఊగాయి. నాకు భయం వేయలేదంటే నువ్వు నమ్మాలి. మేమిద్దరం నీటి అడుగున కూర్చున్నట్టు, పైన పడవలేవో వెళుతున్నట్టు అనిపించింది. గొడుగులమ్మ నా మణికట్టు పట్టుకుంది. అన్నీ ఆగేదాకా వదల్లేదు. ఆగాక వదిలేసి, ఊచ సరిగ్గా పట్టుకోండి అంది.

గోడ మీద సున్నం గుప్పెడు రాలింది. చీపురుతో నేనే ఊడ్చాను. అంతే.

వీధిలోకి వెళితే జనమంతా బయటే ఉన్నారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఎవరో నన్ను చూసి, ఈ కోటాయన ఎవరు అన్నారు. గొడుగులమ్మ అందరికీ వినబడేలా చెప్పింది.

"దీపాల అమ్మాయి వాళ్ళ నాన్న. నా పై గదిలో పడుకుంటున్నాడు. గురక కూడా పెడతాడు."

వీధి వీధంతా నవ్వింది. ఒకావిడ వచ్చి ఊరికే నా చేయి ముట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మీ పెద్దాయన తానే ఇల్లిల్లూ తిరిగాడు. మనింటికీ వచ్చాడు. కదలిక ఒకటిన్నరట. నేను చెప్పిన అంకే వచ్చింది చూశావా, బేరం తెలిసినవాడి మాట వృథా పోదు. పాత హద్దుతోనే నీళ్ళు తోస్తూ ఉండి ఉంటే ఎంత వచ్చేది అని అడిగాను. "చెప్పలేనండీ. చెప్పలేకపోవడమే నాకు భయంగా ఉంది" అన్నాడు. ఆ మాటతో మనిషి నాకు నచ్చాడు. హెడ్డాఫీసు నుంచి ఆయనకి కబురొచ్చిందట, నీకు చెప్పారో లేదో, నేనే ముందు చెబుతున్నాను: హద్దు ఒకటి దగ్గరే ఉంటుంది, పంపు మళ్ళీ నిదానంగా మొదలవుతుంది, దీపాలు నీవే. ఊరివాళ్ళు సంతకాలు పెట్టి నిన్నే పంపమన్నారట. ఈ చలికాలానికి మాత్రం వేడి రాదు, వచ్చే చలికాలానికైనా ఖాయంగా చెప్పలేం అన్నాడు. గొడుగులమ్మ నాకు ఇంకో దుప్పటి తెచ్చి ఇచ్చింది.

ఇది అందరికీ తెలియాలి. సంతోషానికి నా చేయి ఆడటం లేదు, నువ్వే రాయి. ముందు మీ అన్నయ్యకి. కొట్లో జనం నిండుగా ఉన్నప్పుడు పైకి చదవమను. మీ వదినకి విడిగా రాయి. మామయ్య క్షేమం అని మొదట రాసి, భూకంపం సంగతి తర్వాత రాయి, లేకపోతే ఆ పిల్ల అక్కడే కూలబడుతుంది. మీ పెద్దత్తయ్యకి పెద్ద అక్షరాలతో రాయి, చూపు ఆనదు. మీ చిన్నత్తయ్యకి కూడా వెంటనే రాయి, అక్కకి ముందు తెలిసి తనకి తెలియలేదని ఏడాది మాట్లాడదు. ఆడపిల్లకి భూమి తవ్వే పనేమిటని మీ మేనమామ అన్నాడు కదా, ఆయనకి రెండుసార్లు రాయి. బాబాయికి అంకెతో సహా రాయి, అంకె లేకపోతే ఏదీ నమ్మడు.

మీ అమ్మకి అందరికంటే చివర రాయి, తీరిగ్గా రాయి. ఈ పై గదిలో ఇంకో మంచం పడుతుందని చెప్పు. పొగగొట్టం గోడకి దూరంగానే పడుతుంది, మీ నాన్న కొలిచి చూశాడని చెప్పు.

నాన్న